గుండె – ఊపిరితిత్తుల పొత్తు: కోనసీమలో రాత్రి దగ్గు

మానవ దేహంలో ఒక్క నిమిషమైనా విరామం ఎరుగని క్రియలు రెండు. ఒకటి శ్వాసక్రియ, రెండవది రక్తప్రసరణ. పాఠశాల పుస్తకాలు ఈ రెండింటినీ వేర్వేరు అధ్యాయాలలో బోధిస్తాయి. అందువల్ల గుండె ఒక యంత్రమనీ, ఊపిరితిత్తులు మరొక యంత్రమనీ, ఒకదాని జబ్బుతో మరొకదానికి సంబంధం లేదనీ చాలామంది తలుస్తారు. నిజానికి ఇవి రెండూ కలిసి చేసే పని ఒక్కటే. బయటి గాలిలోని ప్రాణవాయువును దేహంలోని ప్రతి కణానికీ చేర్చడం, కణాలు విడిచిన బొగ్గుపులుసు వాయువును బయటికి పంపడం. ఈ పొత్తు ఎలా సాగుతున్నదో, అది చెడినపుడు కోనసీమ వంటి నీటి సీమలో ఏ రూపంలో బయటపడుతుందో ఈ వ్యాసంలో తెలుసుకుందాం. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలలో ఏళ్ళ తరబడి రాత్రి దగ్గుతో బాధపడుతూ కషాయాలతోనే కాలం గడిపేవారు ఈ విషయాన్ని మరింత శ్రద్ధగా చదవవలసి ఉన్నది.

ప్రాచీనుల దృష్టి

చరకాచార్యుడు విమాన స్థానంలో స్రోతస్సులను, అనగా దేహంలోని ప్రవాహ మార్గాలను వివరిస్తూ, ప్రాణవహ స్రోతస్సులకు హృదయము, మహాస్రోతస్సు మూలాలని చెప్పాడు. రసవహ స్రోతస్సులకు కూడా హృదయమే మూలమన్నాడు. దానితోపాటు పది ధమనులను పేర్కొన్నాడు. ఊపిరికీ రసప్రసరణకూ ఒకే మూలాన్ని చెప్పడం ఇక్కడ గమనించదగిన అంశం.

శార్ఙ్గధర సంహిత మరొక అడుగు ముందుకు వేసింది. నాభి వద్ద ఉన్న ప్రాణవాయువు హృదయ కమలాన్ని స్పృశించి, కంఠం గుండా వెలుపలికి పోయి, ఆకాశంలోని అమృతాన్ని త్రాగి, మరల వేగంగా లోపలికి వచ్చి దేహాన్నంతటినీ, జఠరాగ్నినీ పోషిస్తుందని ఆ గ్రంథం వర్ణించింది. దీనిని చూపి, ఆధునికులు కనుగొన్నదంతా మనవారికి ముందే తెలుసునని వాదించేవారు ఉన్నారు. అంత దూరం పోనవసరం లేదు. ఊపిరితిత్తుల గుండా రక్తం తిరిగే మార్గాన్ని 13వ శతాబ్దంలో ఇబ్న్ అల్ నఫీస్ అనే అరబ్బు వైద్యుడు స్పష్టంగా వివరించాడు. గుండె రక్తాన్ని చక్రంలా త్రిప్పుతున్నదని 1628లో ఇంగ్లండు వైద్యుడు విలియం హార్వే లెక్కలతో నిరూపించాడు. ధమనులను, సిరలను కలిపే కేశనాళికలను 1661లో ఇటలీ శాస్త్రజ్ఞుడు మాల్పీజీ కప్ప ఊపిరితిత్తిలో సూక్ష్మదర్శినితో చూశాడు. మన ఆచార్యులకు సూక్ష్మదర్శిని లేదు. అయినా బయటి నుండి వచ్చేదేదో హృదయం ద్వారా సర్వాంగాలకూ అందుతున్నదన్న ఊహ వారికి కలిగింది. ఆ గౌరవం వారికి చాలు.

సుశ్రుతుడు చెప్పిన ఉపమానం మాత్రం కోనసీమ వాసులకోసమే చెప్పినట్లుంటుంది. ఉద్యానవనాన్ని నీటి బోదెలు, పొలాన్ని పంట కాలువలు తడిపి పోషించినట్లు సిరలు ఈ దేహాన్ని పోషిస్తున్నాయని శారీర స్థానంలో ఆయన అన్నాడు. ధవళేశ్వరం ఆనకట్ట నుండి పంట కాలువ బయలుదేరి, పిల్ల కాలువలుగా చీలి, చివరకు ఒక్కొక్క మడిలోకి బోదెగా దిగే తీరును చిన్ననాటినుండి చూస్తున్నవారికి ధమని, ఉపధమని, కేశనాళిక అనే మాటలను వేరే బొమ్మ గీసి చెప్పనక్కరలేదు.

రెండు వలయాలు, ఒక్క గుండె

మన గుండె నిజానికి రెండు పంపుల జంట. కుడిభాగం దేహంలో తిరిగి వచ్చిన మలిన రక్తాన్ని అందుకొని ఊపిరితిత్తులకు పంపుతుంది. ఎడమభాగం ఊపిరితిత్తులలో శుభ్రపడిన రక్తాన్ని అందుకొని దేహానికి పంపుతుంది. విశ్రాంతిగా ఉన్న వయోజనుని గుండె నిమిషానికి సుమారు 70 సార్లు కొట్టుకొని, దాదాపు 5 లీటర్ల రక్తాన్ని తోస్తుంది. దేహంలో ఉన్న మొత్తం రక్తం కూడా ఇంచుమించు అంతే. కనుక మన రక్తమంతా నిమిషానికొకసారి ఊపిరితిత్తులను చుట్టి వస్తున్నదన్నమాట.

ఊపిరితిత్తులలో 30 కోట్లకు పైగా వాయుకోశాలు ఉన్నాయి. వాటి లోపలి పొరలన్నిటినీ విప్పి పరిస్తే సుమారు 70 చదరపు మీటర్లు వస్తుంది. ఎనిమిది మీటర్ల ఎడంతో నాటిన తోటలో ఒక్క కొబ్బరిచెట్టుకు దక్కే నేల ఎంతో, ఇంచుమించు అంత. ఈ వైశాల్యమంతటా కేశనాళికలు వలవలె అల్లుకొని ఉంటాయి. గాలికీ రక్తానికీ నడుమ ఉండే పొర మందం మిల్లీమీటరులో వెయ్యవ వంతు కంటే తక్కువ. ఎర్ర రక్తకణం ఆ కేశనాళికలో నిలిచే సమయం ముప్పాతిక సెకను. ఆ కొద్ది వ్యవధిలోనే అందులోని హీమోగ్లోబిన్ ప్రాణవాయువును నింపుకొంటుంది.

కొబ్బరి దింపు కార్మికుడు చెట్టెక్కుతున్నపుడు ఈ లెక్కలన్నీ మారిపోతాయి. నిశ్చలంగా ఉన్నపుడు నిమిషానికి 5 లీటర్లు తోసే గుండె, కఠిన శ్రమలో 15 నుండి 20 లీటర్ల వరకు తోయవలసి వస్తుంది. ఊపిరి అంతకంటే ఎక్కువ రెట్లు పెరుగుతుంది. రోజుకు పదుల చెట్లు ఎక్కగల మనిషి ఇటీవల నాలుగు చెట్లకే ఆయాసపడుతున్నాడంటే, వయసు పైబడిందని సరిపెట్టుకోరాదు. పొత్తులో ఏదో ఒక భాగస్వామి వెనుకబడినట్లు గ్రహించాలి. అది గుండె కావచ్చు, ఊపిరితిత్తులు కావచ్చు, రక్తహీనత కూడా కావచ్చు. మన గ్రామాలలో రక్తహీనత తరచుగా మరుగున పడే కారణం.

మురుగు కాలువ వంటి మూడవ దారి

డెల్టా వ్యవసాయం తెలిసినవారికి పంట కాలువ ఒక్కటే చాలదని తెలుసు. పొలంలో మిగిలిన నీటిని తీసుకుపోయే మురుగు కాలువ కూడా ఉండాలి. కౌశిక వంటి మురుగు కాలువలు పూడి, గుర్రపుడెక్క అల్లుకున్న ఏడు పొలాలు ఎలా మునుగుతాయో ఇక్కడి రైతులకు చెప్పనక్కరలేదు. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినపుడు వారు చెప్పుకున్న బాధలలో మురుగునీటి పారుదల కూడా ఒకటి.

దేహంలోనూ ఇటువంటి వ్యవస్థ ఉన్నది. కేశనాళికల నుండి కణాల మధ్యకు ఊరిన ద్రవంలో కొంత భాగం తిరిగి రక్తనాళాలలోకి పోదు. దానిని శోషరస నాళాలు సేకరించి, గజ్జలు, చంకలు, మెడ మొదలైన చోట్ల ఉన్న శోషరస గ్రంథుల గుండా వడగట్టి, చివరకు మెడ దిగువన పెద్ద సిరలలో కలుపుతాయి. రోజుకు రెండు మూడు లీటర్ల ద్రవం ఈ దారిన తిరిగి వస్తుంది. ఈ వ్యవస్థకు గుండె వంటి పంపు లేదు. కాలి కండరాల కదలిక, నాళాల స్వంత సంకోచం, వాటితోపాటు మన శ్వాస దానిని నడిపిస్తాయి. మనం లోతుగా ఊపిరి పీల్చినపుడు రొమ్ములో ఒత్తిడి తగ్గి, కడుపులో పెరుగుతుంది. ఆ తేడావల్ల కాళ్ళనుండి, పొట్టనుండి శోషరసమూ, సిరారక్తమూ పైకి లాగబడతాయి. అనగా ఊపిరితిత్తులు గాలిని మాత్రమే కాదు, రక్తాన్ని, శోషరసాన్ని కూడా లాగుతున్నాయి. శ్వాసవ్యవస్థ ప్రసరణవ్యవస్థకు చేసే ఈ ఉపకారాన్ని పాఠ్యపుస్తకాలు ఒక్క వాక్యంలో చెప్పి వదిలివేస్తాయి. బోదకాలు ఉన్న మనిషికి మాత్రం ఆ ఒక్క వాక్యం ఎంతో విలువైనది.

పాతనీటి దేశాల వ్యాధి

బోదకాలును ఆయుర్వేదం శ్లీపదం అన్నది. సుశ్రుత సంహిత నిదాన స్థానం 12వ అధ్యాయంలో దీని వర్ణన ఉన్నది. పాతనీరు విస్తారంగా నిలిచి, అన్ని ఋతువులలోనూ చల్లగా ఉండే దేశాలలో ఈ వ్యాధి విశేషంగా పుడుతుందని ఆచార్యులు చెప్పారు. దోమ పాత్ర వారికి తెలియదు. కాని నేలను చూసి వ్యాధిని గుర్తించిన వారి చూపు తప్పలేదు. నిలిచిన మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ జాతి దోమే ఈ వ్యాధిని మోసుకుపోతుంది. గోదావరి డెల్టా శతాబ్దాలుగా ఇటువంటి నేల. పట్టణాలలో మూతలు లేని మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకులు పెరిగిన కొద్దీ ఈ దోమకు వసతి మరింత పెరిగింది. ఇక్కడ ఒక మాట. తోటల్లో పడవేసిన కొబ్బరి చిప్పల్లో నిలిచే వాన నీటిలో పెరిగేది వేరొక దోమ. అది డెంగీ జ్వరాన్ని తెస్తుంది. రెండు దోమలకూ ఒకే మందు చల్లి ఊరుకుంటే లాభం లేదు.

దోమ కుట్టినపుడు చర్మంపైకి వచ్చిన ఫైలేరియా పిల్లపురుగులు ఆ గాటు ద్వారా లోపలికి చేరి, శోషరస నాళాలలో పెద్దవవుతాయి. ఆడపురుగు 8 నుండి 10 సెంటీమీటర్ల పొడవుండే సన్నని దారపు పోగు వంటిది. అది ఐదారేళ్ళపాటు, ఒక్కొక్కప్పుడు ఇంకా ఎక్కువకాలం జీవించి, లక్షల సంఖ్యలో సూక్ష్మమైన పిల్లపురుగులను రక్తంలోకి వదులుతుంది. ఇవే మైక్రోఫైలేరియాలు. పెద్ద పురుగులు చేరిన శోషరస నాళాలు వెడల్పై, కవాటాలు చెడి, మురుగు కాలువ పూడినట్లు ద్రవం నిలిచిపోతుంది. దానికి పైనుండి సూక్ష్మజీవులు తోడై మాటిమాటికీ గజ్జలలో బిళ్ళలు కట్టి, చలిజ్వరం వచ్చి, ప్రతి జ్వరంతోనూ కాలు మరికొంత లావెక్కుతుంది.

ఈ వ్యాధికి మందు కనుగొన్న గాథ మన ప్రాంతానికే చెందినది. వశిష్ఠకు అవతల, పశ్చిమ గోదావరి డెల్టాలోని భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మద్రాసు వైద్య కళాశాలలో చదివి, మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో కొంతకాలం శారీరశాస్త్రం బోధించారు. ఆయుర్వేద విద్యార్థులకు గుండెను, ఊపిరితిత్తులను చూపి పాఠం చెప్పిన ఆ ఉపాధ్యాయుడే 1923లో అమెరికా వెళ్ళి, తరువాత లెడర్లే ప్రయోగశాలల పరిశోధనాధిపతి అయ్యారు. ఆయన నేతృత్వంలోని పరిశోధకులు 1947లో ఫైలేరియాపై పనిచేసే డైఇథైల్ కార్బమజైన్‌ను లోకానికి అందించారు. మన పెద్దలకు హెట్రజాన్ పేరుతో తెలిసిన మాత్ర అదే. మరుసటి సంవత్సరమే, 1948లో, ఆయన మరణించారు. తన జన్మభూమిలోని ఎన్ని కాళ్ళను ఆ మాత్ర కాపాడిందో చూసే భాగ్యం ఆయనకు దక్కలేదు. ఆ మాత్ర కాళ్ళతోపాటు ఊపిరితిత్తులను కూడా కాపాడుతుంది. ఇక ఆ సంగతికి వద్దాం.

పగలు ఊపిరితిత్తులలో, రాత్రి రక్తంలో

కలకత్తాలో 1872లో టిమతీ లూయిస్ మానవ రక్తంలో ఈ సూక్ష్మపురుగులను చూశాడు. చైనాలోని అమోయ్ రేవులో పనిచేస్తున్న పాట్రిక్ మాన్సన్ 1877లో వీటి పెరుగుదలలో దోమకు పాత్ర ఉన్నదని కనుగొన్నాడు. ఆ తరువాత ఆయనే మరొక వింతను గమనించాడు. పగలు రోగి వేలిని గుచ్చి తీసిన రక్తంలో పురుగులు దాదాపు కనబడవు. రాత్రి పదిగంటల తరువాత గుంపులుగా కనబడతాయి. దోమ కుట్టే వేళకు పురుగు చర్మం దగ్గరకు చేరుతున్నదన్నమాట.

మరి పగలు ఎక్కడికి పోతున్నాయి? అకస్మాత్తుగా మరణించిన ఒక రోగి దేహాన్ని పరీక్షించినపుడు మాన్సన్‌కు జవాబు దొరికింది. పగటివేళ అవి ఊపిరితిత్తుల సూక్ష్మ రక్తనాళాలలో చేరి ఉన్నాయి. కోనసీమలో ఫైలేరియా రక్తపరీక్షకు సిబ్బంది రాత్రిపూట ఇళ్ళకు రావడానికి కారణం ఇదే. నేటి కాలంలో పగలు కూడా చేయగల పరీక్షలు వచ్చాయి గాని, రాత్రి రక్తపు పూత పాతపద్ధతిగా మిగిలే ఉన్నది.

రక్తంలో పురుగులు ఉన్న చాలామందికి ఊపిరితిత్తులలో ఏ బాధా తెలియదు. దేహం వాటిని సహించి ఊరుకుంటుంది. కాని కొందరి దేహం సహించదు. ఊపిరితిత్తులలో చిక్కిన ప్రతి పురుగునూ శత్రువుగా ఎంచి, ఇయోసినోఫిల్ అనే తెల్ల రక్తకణాలను వేలకొలది అక్కడికి పంపుతుంది. పురుగు చస్తుంది. ఆ యుద్ధంలో వాయుకోశాల గోడలు కూడా వాస్తాయి. శ్వాసనాళాలు బిగుసుకొంటాయి. మనిషి అర్ధరాత్రి దాటిన తరువాత లేచి కూర్చొని, తెల్లవారే వరకు పొడిదగ్గుతో, పిల్లికూతలతో అవస్థపడతాడు. పగలు ఇంచుమించు మామూలుగా ఉంటాడు. కొద్దిపాటి జ్వరం, బరువు తగ్గడం, నీరసం ఉండవచ్చు. యుక్తవయసులోని పురుషులలో ఇది ఎక్కువ. ఇటువంటివారికి రాత్రి రక్తపరీక్ష చేస్తే పురుగు కనబడదు. అది ఊపిరితిత్తులలోనే నాశనమై ఉంటుంది గనుక. కాలు వాపు కూడా ఉండకపోవచ్చు. అందువల్లనే ఫైలేరియా అన్న అనుమానం ఎవరికీ రాదు.

మదనపల్లె వైద్యుల పరిశీలన

ఈ వ్యాధి చరిత్రలో ఒక ముఖ్యఘట్టం తెలుగు నేలమీదనే జరిగింది. రాయలసీమలోని మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం క్షయ చికిత్సాలయం దక్షిణ భారతంలో పేరెన్నికగన్నది. దూరప్రాంతాల నుండి క్షయ అన్న అనుమానంతో రోగులు అక్కడికి వచ్చేవారు. దగ్గు, సాయంకాలపు జ్వరం, బరువు తగ్గడం, ఎక్స్‌రేలో మచ్చలు అన్నీ క్షయ లక్షణాలే. కాని వారిలో కొందరి కళ్ళెలో క్షయ క్రిమి దొరకలేదు. రక్తంలో ఇయోసినోఫిల్ కణాలు మాత్రం విపరీతంగా ఉన్నాయి. ఆ చికిత్సాలయ వైద్యులు ఫ్రిమోట్ మోలర్, బార్టన్ 1940లో దీనిని క్షయను పోలిన మరొక వ్యాధిగా వివరించి ప్రకటించారు. 1943లో వైన్‌గార్టెన్ అనే వైద్యుడు దీనికి ఉష్ణమండల ఇయోసినోఫీలియా అని పేరు పెట్టాడు. దీనికి మూలం ఫైలేరియా పురుగే అన్న నిర్ణయం ఆ తరువాత వచ్చింది. క్షయ లేనివారు క్షయ రోగుల నడుమ పడకలమీద నెలల తరబడి పడి ఉండే అవస్థ ఆ పరిశీలన వల్ల తప్పింది.

మన జనం నోట ఇదే మాట "ఇస్నోఫీలియా" అయినది. నాలుగు తుమ్ములు వచ్చినా, పడిశం పట్టినా "నాకు ఇస్నోఫీలియా ఉందండీ" అనడం పరిపాటి. అది సరికాదు. ఆరోగ్యవంతుని రక్తంలో ఈ కణాలు ఘన మిల్లీమీటరుకు 500 లోపు ఉంటాయి. ఉబ్బసం, దద్దుర్లు, కడుపులో నులిపురుగులు ఉన్నవారిలో అంతకంటే కొంత పెరుగుతాయి. ఫైలేరియా వల్ల కలిగే ఊపిరితిత్తుల వ్యాధిలో 3,000 దాటడం సామాన్యం. ఒక చిన్న రక్తపరీక్ష చెప్పే ఈ అంకె, రోగి తనంతట తాను పెట్టుకున్న పేరు కంటే ఎంతో విలువైనది.

వైద్యుని పర్యవేక్షణలో మూడు వారాల పాటు డైఇథైల్ కార్బమజైన్ వాడితే చాలామందికి ఈ దగ్గు ఆశ్చర్యకరంగా తగ్గిపోతుంది. కొందరికి మరల రావచ్చు. మరల వాడవలసి ఉంటుంది. వాడకుండా సంవత్సరాలు గడిపితే ఊపిరితిత్తులు గట్టిపడి, ఆ గట్టిదనం మందుకు లొంగదు. అప్పుడు ఊపిరితిత్తులలోకి రక్తాన్ని నెట్టలేక గుండె కుడిభాగం కూడా క్రమంగా అలసిపోతుంది. దోమకాటుతో మొదలైన వ్యాధి గుండె దాకా పాకే దారి ఇది.

ఒకే దగ్గు, వేర్వేరు మూలాలు

రాత్రిదగ్గు అంతా ఫైలేరియా కాదు. తమకశ్వాస, అనగా ఉబ్బసం, రాత్రిళ్ళు, మబ్బు పట్టిన రోజులలో, చల్లగాలికి హెచ్చుతుందనీ, రోగి పడుకొనలేక కూర్చొంటే సుఖపడతాడనీ చరకుడు వర్ణించాడు. ఇది సాధారణంగా చిన్నతనం నుండో, వంశంలోనో కనబడుతుంది.

మూడవ మూలం గుండె. ఎడమ జఠరిక బలహీనపడితే అది తోయలేని రక్తం వెనుక ఊపిరితిత్తులలో నిలుస్తుంది. వెల్లకిలా పడుకోగానే కాళ్ళనుండి మరింత రక్తం రొమ్ములోకి చేరి, రోగి నిద్రలో ఊపిరాడక లేచి కూర్చొంటాడు, కిటికీ దగ్గరకు పోతాడు. రెండు మూడు తలగడలు లేనిదే పడుకోలేడు. సాయంకాలానికి రెండు పాదాలూ వాచి, వేలితో నొక్కితే గుంట పడుతుంది. కోనసీమలో కాలివాపు అనగానే బోదకాలు అన్న మాట ముందుగా వస్తుంది. ఇక్కడే ప్రమాదం. బోదకాలు తరచుగా ఒక కాలికి ఎక్కువగా, గజ్జబిళ్ళతో, జ్వరపు దాడులతో మొదలవుతుంది. రెండు కాళ్ళూ సమానంగా వాచి, దానికి ఆయాసం తోడైతే ముందు గుండెను, మూత్రపిండాలను పరీక్షింపవలెను. గుండెరోగిని బోదకాలు రోగిగా ఎంచి పూతలు పూస్తూ కూర్చోవడం ప్రాణాలమీదికి తెస్తుంది. అటువంటి రోగికి ఊరగాయలు, ఎండుచేపలు, అప్పడాలు విషతుల్యాలు. వాటిలోని ఉప్పు నీటిని నిలుపుతుంది గనుక.

రెండు వారాలు మించిన దగ్గు ఏదైనా సరే, కళ్ళె పరీక్ష చేయించుకోవాలి. క్షయ అన్న మాటను తోసివేసిన తరువాతనే మిగిలినవాటి గురించి ఆలోచించవలెను. కళ్ళెలో రక్తపు చార, రొమ్ములో బిగింపు, పెదవులు నీలం తిరగడం, మాట పూర్తి చేయలేనంత ఆయాసం ఉన్నపుడు వంటింటి మందులకు చోటు లేదు. వెంటనే ఆసుపత్రికి పోవలెను.

గృహవైద్యం ఎంతవరకు?

జలుబు తరువాత మిగిలిన కఫపు దగ్గుకు అడ్డసరం ఆకు శ్రేష్ఠమైనది. లేత కానివి, ముదురు కానివి నాలుగైదు ఆకులు కడిగి, రెండు గ్లాసుల నీటిలో సగం మిగిలేవరకు కాచి, వడబోసి, గోరువెచ్చగా చల్లారిన తరువాత చెంచాడు తేనె కలిపి ఉదయం, సాయంకాలం త్రాగవచ్చు. ఆధునిక వైద్యంలో కఫాన్ని పలుచబరచే బ్రోమ్‌హెక్సిన్ అనే మందుకు ఈ మొక్కలోని వాసిసిన్ అనే పదార్థమే ఆధారమయింది. గర్భిణీలు అడ్డసరం వాడరాదు. ఏడాది నిండని శిశువుకు తేనె నాకించరాదు. మిరియాలు, శొంఠి, తులసి కషాయం సంగతి ప్రతి ఇంటా తెలిసినదే. ఐదారు రోజులలో గుణం కనబడకపోతే మోతాదు పెంచడం కాదు, పరీక్ష చేయించుకోవడం అవసరం.

వంటింటిలో మరొక మందు ఉన్నది. అది పొగను తగ్గించడం. కొబ్బరి మట్టలు, డొక్కలు, చిప్పలు కోనసీమలో చౌకైన వంటచెరకు. పచ్చిగా ఉన్న డొక్క రగిలితే వచ్చే పొగలో రోజూ రెండు పూటలా కూర్చొనే స్త్రీకి పొగ త్రాగేవారి జబ్బులే వస్తాయి. గ్యాసు పొయ్యి ఉన్న ఇళ్ళలో కూడా వేన్నీళ్ళకు, బెల్లపు పాకాలకు పెరటి పొయ్యి మిగిలి ఉంటుంది. దానిని గోడవారనుండి బయటి గాలికి జరపడానికి ఖర్చు లేదు. పీచు దుమ్ము లేచే చోట పనిచేసేవారు తడిగుడ్డను ముక్కుకు కట్టుకొనడం కనీస జాగ్రత్త.

శ్లీపదానికి శాస్త్రాలలో శాఖోటకం ప్రశస్తి ఉన్నది. దీనిని మనవారు బరివెంక అంటారు. లక్నోలోని కేంద్రీయ ఔషధ పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు దీని పట్టలోని పదార్థాలకు ఫైలేరియా పురుగులను చంపే గుణం ఉన్నదని ప్రయోగశాలలో గమనించారు. ఆచార్యుల అనుభవానికి ఇది గర్వింపదగిన సాక్ష్యం. కాని ఆ పదార్థాలు గుండెమీద పనిచేసే గ్లైకోసైడుల వర్గానికి చెందినవని కూడా తెలుసుకోవాలి. మోతాదు తప్పితే గుండె లయ తప్పవచ్చు. కనుక చెట్టు పెరటిలో ఉన్నది కదా అని పట్టను కాచి త్రాగరాదు. నిత్యానందరసం వంటి పాదరస యోగాలు కూడా వైద్యుని చేతిమీదుగా తప్ప కొని వాడదగినవి కావు. తెల్లమద్ది చెక్క పాలకషాయం హృద్యమని ప్రసిద్ధి. గుండెకు ఇప్పటికే మాత్రలు వాడుతున్నవారు వాటిని మాని దీనిని పట్టుకోవడం మాత్రం తెలివితక్కువ పని.

కాలి సంరక్షణ

వాచిన కాలును ఎవరూ మునుపటివలె చేయలేకపోవచ్చు. ఇంకా లావెక్కకుండా మాత్రం ప్రతి ఇంటిలోనూ చేయవచ్చు. రాత్రి పడుకొనే ముందు కాలును మామూలు సబ్బుతో, శుభ్రమైన చల్లని నీటితో వేళ్ళ సందులతో సహా కడగాలి. గరుకుగా రుద్దరాదు. మెత్తని పొడిగుడ్డతో, ముఖ్యంగా వేళ్ళ సందులలో, తేమ లేకుండా అద్దాలి. పగిలిన మడమకు, ఎండిన చర్మానికి కొబ్బరినూనె కొద్దిగా రాయవచ్చు. వేళ్ళ సందులలో మాత్రం రాయరాదు. అక్కడ తేమ నిలిస్తే ఒరుపులు వస్తాయి. ఆ ఒరుపులే జ్వరపు దాడులకు వాకిళ్ళు. వరిచేలో దిగి వచ్చినవారికి ఇది మరింత అవసరం. చేలో నుండి రాగానే కడుగుకొనడం, చెప్పులు లేకుండా నడవకపోవడం అలవరచుకోవాలి.

పడుకొన్నపుడు మడమ క్రింద దిండు పెట్టి కాలును ఎత్తులో ఉంచాలి. మంచంమీద ఉండగానే పాదాన్ని చీలమండ దగ్గర పైకి, క్రిందికి ఇరవై ముప్పై సార్లు ఆడించాలి. దానితోపాటు కడుపు ఎత్తుగా లేచేటట్లు నెమ్మదిగా ఊపిరి పీల్చి విడువడం పది పన్నెండు సార్లు చేయాలి. శోషరసాన్ని పైకి లాగడంలో ఈ రెండూ తోడ్పడతాయని ఇంతకుముందే చెప్పుకొన్నాం. ప్రాణాయామం తెలిసినవారు పూరక రేచకాలు చేస్తే చాలు. గుండెజబ్బు, అధిక రక్తపోటు ఉన్నవారు కుంభకం చేయరాదు. గుండె బలహీనత వల్ల ఆయాసం ఉన్నవారు కాళ్ళు ఎత్తులో పెట్టి పడుకొంటే ఊపిరాడకపోవడం ఎక్కువవుతుంది. అందుకే వాపుకు కారణం ముందు తేల్చుకోమని చెప్పడం.

జ్వరపు దాడి వచ్చి కాలు ఎర్రబడి సలుపుతున్నపుడు కాపడం పెట్టరాదు, మర్దన చేయరాదు, పట్టీ బిగించరాదు. వాతలు పెట్టించుకోవడం, జీడి పూయడం వల్ల పుండ్లు పడి సూక్ష్మజీవులకు కొత్త దారులు ఏర్పడతాయి. చల్లని తడిగుడ్డ వేసి, కాలుకు విశ్రాంతినిచ్చి, ఆనాడే వైద్యుని చూడవలెను.

ఫైలేరియా నిర్మూలనకు 2004లో దేశవ్యాప్తంగా సామూహిక మాత్రల పంపిణీ మొదలైనది. డైఇథైల్ కార్బమజైన్‌కు 2007 నుండి ఆల్బెండజోల్‌ను జతచేశారు. పదిహేనేళ్ళు దాటినవారికి డైఇథైల్ కార్బమజైన్ 100 మిల్లీగ్రాముల మాత్రలు మూడు, ఆరు నుండి పద్నాలుగేళ్ళ పిల్లలకు రెండు, రెండు నుండి ఐదేళ్ళవారికి ఒకటి మోతాదు. రెండేళ్ళలోపు పిల్లలకు, గర్భిణీలకు, తీవ్రమైన జబ్బుతో ఉన్నవారికి ఇవ్వరు. భోజనం చేసిన తరువాతనే మ్రింగాలి. మ్రింగిన సాయంకాలం కొందరికి జ్వరం, తలనొప్పి, ఒళ్ళునొప్పులు వస్తాయి. రక్తంలో ఉన్న పురుగులు చచ్చినందువల్ల వచ్చే బాధలు ఇవి. ఒకటి రెండు రోజులలో తగ్గుతాయి. "మాకు కాలు వాపు లేదు కదా" అని మాత్రలను గూట్లో దాచేవారు చాలామంది. రాత్రి రెండుగంటలకు లేచి దగ్గేవారికి కూడా కాలు వాపు ఉండదు.